మీకు తెలుసా? పడవ షికారుకూ నీటి వాటా!

అమెరికాలోని కొలరాడోలో పొలానికి, ఊరికి ఉన్నట్టే పడవ షికారుకూ నదీజలాల మీద చట్టబద్ధమైన హక్కు ఉంది. 2001లో అక్కడి శాసనసభ ఇందుకోసం చట్టమే చేసింది.

డెన్వర్ పక్కనున్న గోల్డెన్ పట్టణం క్లియర్ క్రీక్ అనే ఏట్లో బండరాళ్లు పేర్చి, నీళ్లు సుళ్లు తిరిగి ఎగసిపడేలా కయాక్ పడవలకు దారి కట్టింది. ఆ నీటిపై హక్కు అడిగితే తగువు రాష్ట్ర సుప్రీంకోర్టుకెక్కింది. 2003లో న్యాయమూర్తులు 3-3గా చీలిపోవడంతో పట్టణానికి అనుకూలంగా కింది జల న్యాయస్థానం ఇచ్చిన తీర్పే నిలిచింది. అవును, అక్కడ నీళ్ల తగాదాలకు వేరే కోర్టులున్నాయి!

అలాగని పడవ ఉన్న ప్రతివారూ నీళ్లడగలేరు. పట్టణాలు, కౌంటీలు, జల సంస్థల్లాంటి స్థానిక ప్రభుత్వ సంస్థలే అర్హులు. మోటారు పడవలకు ఇది వర్తించదు. ఈ హక్కుతో ఏట్లో చుక్క కూడా ఖర్చు కాదు, పడవ కింద నుంచి అలాగే దిగువకు పోతుంది. అసలు కిటుకంతా వరుసలోనే ఉంది. ముందు హక్కు పొందినవారిదే ముందు వంతు. పడవల తర్వాత వచ్చినవారు ఎగువన నీళ్లు మళ్లించి వాటి వాటాకు గండి కొట్టలేరు. కానీ నూరేళ్ల నాటి సాగు కాలువ తన వాటా అడిగిందంటే, కరువు ఏడాది పడవలు ఒడ్డున ఆగాల్సిందే.