ఎండ దెబ్బ ఒంటికే కాదు, నెత్తురులోని కావలికీ!

సుబేదారికి ఆఫీసు పని మీద వచ్చిన రైతు ముందుగా చెట్టు నీడ చూసుకుంటాడు. అదే రైతు ఊళ్లో మిరప తోటలో నడుం వంచాడంటే మిట్టమధ్యాహ్నమైనా పొద్దు సంగతే మరిచిపోతాడు. వడదెబ్బ గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఎండలో వేడితో సంబంధం లేని దెబ్బ ఇంకొకటుంది.

కంటికి కనబడని కిరణాలు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి వెచ్చగానూ తగలవు. చల్లగాలి వీస్తున్నా, పల్చటి మబ్బు పట్టినా పడుతూనే ఉంటాయి. వీటిలో ఒక రకం చాలావరకు తోలు పైపొరలోనే ఆగిపోతుంది. రెండో రకం సన్నటి రక్తనాళాలున్న పొర దాకా దిగుతుంది.

నెత్తురులోని తెల్ల కణాలు రోగాలతో పోరాడే సైన్యం. వాటిలో లింఫోసైట్లు అనేవి ఈ కిరణాలకు తట్టుకోలేవు. ప్రయోగశాలలో వాటిని నెత్తురు నుంచి వేరుచేసి కిరణాలు సోకిస్తే కొన్ని పెరగలేకపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. తోలులో కావలి కాసే కణాలు కూడా తీవ్రమైన ఎండకు తగ్గిపోతాయి. ఎండలో బాగా తిరిగాక కొందరికి పెదవి మీద నీటి పొక్కులు లేస్తాయి చూడండి. ఒంట్లో దాగి ఉన్న హెర్పిస్ వైరస్ కావలి సడలినప్పుడు బయటపడటమే అది.

ఈ గుణాన్నే డాక్టర్లు వైద్యానికి వాడుకున్నారు. లింఫోసైట్ల వల్ల తోలుకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు, రోగి తెల్ల కణాలను బయటికి తీసి, సోరాలిన్ జాతి మందుతో పాటు ఈ కిరణాలు పట్టించి తిరిగి ఎక్కించే పద్ధతిని అమెరికాలో 1988లో అనుమతించారు. బొల్లికి వాడే బావంచాల గింజల్లో ఉండేదీ సోరాలినే. అందుకే డాక్టరు చెప్పనిదే బావంచాలు పూసుకుని ఎండలో కూర్చోకండి. తోలు బొబ్బలెక్కుతుంది.

నీడే గడియారం

మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే కిరణాలు జోరుగా ఉన్నట్టే. కలుపు, ఏరుడు పనులు వీలైనంత వరకు పొద్దున, సాయంత్రం పెట్టుకోండి. పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. మంచి అలవాటు. బనీను మీద పని చేసే మగవాళ్లూ నేర్చుకోవాలి. చిక్కటి నేత బట్ట మేలు. తడిసిన పల్చటి తెల్ల బట్ట కిరణాలను ఆపలేదు. రుమాలు తలను కాస్తుంది గానీ మొహానికి నీడ పట్టదు. వెడల్పు అంచున్న టోపీ అయితే మంచిది.

నల్లటి తోలు త్వరగా కమలదు నిజమే. అంతమాత్రాన లోపలి కావలికి ఢోకా లేదనుకోవద్దు. పొక్కులు పదేపదే లేస్తున్నా, ఎండకు మొహం మీద దద్దుర్లు వస్తున్నా డాక్టరుకు చూపించండి.

అలాగని ఎండను శత్రువుగా చూడకండి. ఒంటికి డి విటమిన్ వచ్చేదీ ఎండతోనే. పైరుకు నీరు పెట్టినట్టే ఒంటికి ఎండా తగుమాత్రంగా ఉండాలి.