కదలక పరుగెత్తు రథము

పూర్వము చాందా యని పిలువబడిన చంద్రపూర్ మండలము బొగ్గుగనులకును తాపవిద్యుత్కేంద్రమునకును ప్రసిద్ధము. 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురా ప్రాంతము పిదప దీనిలో చేరుటచేత ఇచ్చట తెలుగు మాట వినబడుట వింత కాదు. ఇట్టి సీమలో ఇంజనీరింగు విద్యార్థి యొకడు శిక్షణకాలమున పందెపు కారు సిమ్యులేటరు నమూనాను నిర్మింపబూనినచో, వానికి ముందుగా కావలసినది పెద్ద మోటారు గాదు, మనుష్యుని దేహమెట్లు నమ్మునో యెరుగుట.

ఈ యంత్రమునకు పుట్టినిల్లు వాద్యముల కర్మాగారము. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ నగరమున తండ్రి నడుపుచుండిన పియానో, ఆర్గన్ల కర్మాగారములో పనినేర్చిన ఎడ్విన్ లింక్, విమానవిద్యకగు వ్యయమును తగ్గింపదలచి, ఆర్గన్‌కు ఊపిరులూదు తిత్తులనే చిన్న విమానాకృతి క్రింద నమర్చి, గాలి నింపినపుడు లేచియు తీసినపుడు వాలియు పైలటును వంచునట్లు చేసి, 1931లో పేటెంటు పొందెను. తొలుత దానిని కొన్నవారు వినోదశాలలవారు. 1934లో టపా మోయుచు పెక్కురు సైనిక వైమానికులు మరణించిన పిమ్మటగాని సైన్యము ఆరు యంత్రములను కొనలేదు. ఆ ఆలస్యము తలచినపుడు నా మనసు నేటికిని కలుక్కుమనును.

పందెపు కారునకు దీనితో చుట్టరికము టైరు వలన కలిగినది. ఇంగ్లండులో డన్‌లప్ సంస్థ ఇంజనీరు ఎరిక్ గాఫ్, టైరును అన్ని విధముల నొత్తి పరీక్షించుటకై, పొడవు మారు ఆరు కాళ్లపై నిలుచు పీఠమును 1950 దశకమున రూపొందించెను. 1965లో స్టివార్టు అను ఇంజనీరు ఆరు విధముల కదలు పీఠమును విమాన సిమ్యులేటరుకు ప్రతిపాదించెను. గాఫ్ పీఠపు కాళ్ల నిడివి మార్చినంతనే మూడు దిక్కుల చలనమును, మూడు విధముల భ్రమణమును సిద్ధించును.

అయినను గదిలోని పీఠము ఎంత దూరము పోగలదు? ఇచ్చట చెవి సాయపడును. చెవిలోపలి సున్నపు రేణువులు దేహము ముందుకు దూకుటను, వెనుకకు వాలుటను వేరుపరుపజాలవు గనుక, తెరపై కారు వేగము పుంజుకొనుచుండగా, మనము గుర్తింపలేనంత మెల్లగా పీటను 10 డిగ్రీలు వాల్చినచో, గురుత్వాకర్షణలో సుమారు ఆరవవంతు వీపును నొక్కును, మనసు దానిని వేగమని గ్రహించును. పిదప తెలియకుండగనే పీటను యథాస్థానమునకు తేవలెను. ఫార్ములా వన్ కారు బ్రేకు వేయునపుడు కలుగు నాలుగైదు రెట్ల గురుత్వబలమును ఇట్టి పీఠము ఈయజాలదు. ఆ బలము మొదలైన క్షణము మాత్రమే ఈయగలదు.

విద్యార్థి బల్లపై నుండునవి ఇంతకంటె సామాన్యములు: పాత కారు వైపర్ మోటార్లు రెండు, అవి ఎంత తిరిగినవో చెప్పు పొటెన్షియోమీటర్లు, చిన్న ఆర్డువినో బోర్డు, వెల్డింగు చేసిన ఇనుప చట్రము. వాడు శ్రద్ధ వహింపవలసినది పాదమునకును, అరచేతికిని. బ్రేకు పెడలు ఎంత దూరము దిగెననుటకంటె ఎంత బలమున నొక్కబడెననునదే పాదమునకు గుర్తుండును. కావున అచ్చట బలమును కొలుచు లోడ్‌సెల్ అమర్చుట మేలు. స్టీరింగు విషయము మరింత సున్నితము: మలుపులో ముందు టైర్లు పట్టు కోల్పోవుటకు చేరువగునపుడు, చక్రమును తిన్నగా త్రిప్పు శక్తి సడలి, స్టీరింగు ఒక్కసారిగా తేలికయగును. మోటారు ఆ సడలింపును సకాలమున అందించెనా, తెరవంకనైన చూడకయే, నడుపువాడు పాదము వెనుకకు తీయును.