పంపులోనికి చొరబడు గాలి

కొబ్బరిబొండములోని నీటిని సన్నని గొట్టముతో పీల్చునపుడు, నీటికి పైనున్న భాగమున గొట్టమునకు గుండుసూదితో రంధ్రము చేసినచో ఏమగును? రంధ్రమునుండి నీరు బయటకు కారదు. నోటిలోనికి నీటితోపాటు గాలి వచ్చును. రంధ్రము కొంచెము పెద్దదైనచో నీరు రానేరాదు. ఈతకొలనుల పంపులకు తరచుగా కలుగు లోపము ఒకటి ఇట్టిదే.

ఈతకొలనులోని నీటిని పంపు పీల్చి, వడపోత తొట్టిగుండా పంపి, క్లోరినుతో తిరిగి కొలనులోనికి చేర్చుచుండును. ఈ ప్రవాహము ఆగినచో మురికి వడపోతకు రాదు, క్లోరిను అంతటికి చేరదు, నీటిలో సూక్ష్మజీవులు పెరుగును. కనుక పంపులోనికి గాలి చొరబడుట ఈదువారి ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

పంపు నీటిని లాగునని వాడుకగా అందురు. యథార్థమునకు పంపు చేయునది తన నోటివద్ద పీడనమును తగ్గించుటయే. కొలను నీటిమీద ఒత్తుచున్న వాతావరణమే నీటిని గొట్టములోనికి నెట్టును. ఈ వాతావరణ పీడనము 76 సెంటీమీటర్ల పాదరసమును నిలుపగలదని 1643లో టారిచెల్లి ప్రయోగము చూపెను. నీటిలో లెక్కించినచో అది సుమారు 10.3 మీటర్లు. పీల్చు గొట్టము లోపలి పీడనము బయటి పీడనముకంటె తక్కువైనపుడు, అక్కడి పగులునుండి నీరు బయటకు రాదు. గాలియే లోనికి పోవును. అందుచేతనే ఈ లోపము కంటికి సులభముగా కనబడదు.

గాలి చేరిన పంపు ఏల పనిచేయదు? 20 మీటర్ల ఎత్తునకు నీటిని నెట్టగల ఒక పంపును తీసికొందము. దానిలోని రెక్కల చక్రము అదే వేగముతో గాలిలో తిరిగినచో, 20 మీటర్ల గాలి స్తంభమునకు సరిపడు పీడనమును మాత్రమే కలిగించును. ఒక ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాములు. అంతే గాలి సుమారు 1.2 కిలోగ్రాములు. కనుక ఆ పీడనము 2.4 సెంటీమీటర్ల నీటికి సమానము. చక్రము ఎంత తిరిగినను నీరు అంగుళమైనను పైకి రాదు! ఒడ్డున పంపు అమర్చిన వ్యవసాయ బావులవద్ద మోటారు వేయుటకు ముందు పంపులో నీరు పోయుట ఇందుకే.

లోపమును కనిపెట్టుట ఎట్లు? నీరు తిరిగి కొలనులోనికి వచ్చు ద్వారములవద్ద బుడగలు ఎడతెగక వచ్చుచు, పంపు ముందున్న బుట్ట మూతక్రింద గాలి నిలిచియున్నచో, పీల్చు వైపున గాలి చొరబడుచున్నదని గ్రహింపవలెను. మొదట కొలను నీటిమట్టమును చూడవలెను. మట్టము తగ్గి, పైనీటిని పీల్చు ద్వారము బయటపడినచో గాలి సూటిగా పోవును. అచట పగులేమియు లేదు. తరువాత చూడవలసినది మూతక్రింది రబ్బరు వలయము. దానిపై ఇసుకరేణువు చిక్కినను, అది ఎండి పగిలినను చాలును.

ఇవి సరిగా ఉన్నచో, పంపు నడుచుచుండగా, మోటారుపై పడకుండ, ఒక్కొక్క అతుకుమీద నెమ్మదిగా నీరు పోయవలెను. పగులున్న చోట గాలికి బదులు నీరు లోనికి పోవును. కొలనులో బుడగలు కొంతసేపు ఆగును. పంపు కొలను నీటిమట్టముకంటె దిగువన ఉన్నచో ఇంకొక గురుతు కలదు: నడుచునపుడు గాలిని పీల్చిన పగులే ఆపినపుడు నీటిని కార్చును.

మూత తెరచుటకు ముందు విద్యుత్తును తప్పక ఆపవలెను. వడపోత తొట్టిలో చేరిన గాలి నొక్కబడి, శక్తిని నిలువచేసికొని యుండును; బిగింపు వదులైనచో మూతను ఎగురగొట్టగలదు. పంపును ఆపి, తొట్టిపైనున్న కవాటముగుండా ఆ గాలిని పోనిచ్చిన పిదపనే దానిని ముట్టవలెను.

రంధ్రము చేసిన గొట్టముతో తరగతిలో ఈ ప్రయోగమును చేసి చూపవచ్చును. రంధ్రముపై తడివేలు ఉంచినంతనే నీరు మరల పైకి వచ్చును. అతుకుపై నీరు పోయు పరీక్షలోని సూత్రము ఇదియే.