బేస్‌బాల్ బంతి – దాని విలువ

అమెరికానుండి గాజులరామారమునకు వచ్చిన మా మనుమడు ఒక తెల్లని బంతిని నా చేతికిచ్చెను. ఇది బేస్‌బాల్ అను ఆటకు సంబంధించినది. క్రికెట్టు బంతికంటె కొంచెము తేలిక. తూకము 5 మొదలు 5.25 ఔన్సులు. నడుమ బెండు, దానిపై రబ్బరు, ఆపై ఉన్నినూలు చుట్టి, రెండు తోలుముక్కలను ఎఱ్ఱదారముతో చేత కుట్టుదురు. పూర్వము గుఱ్ఱపుతోలు వాడిరి. 1974లో ఆవుతోలు వచ్చెను. జంటకుట్లు 108, మన జపమాలలోని పూసలును అన్నియే గదా!

అంగడిలో నిట్టి బంతి కొలది డాలర్లకే లభించును. కాని 2024లో ఒహ్తానీ యను జపానుదేశీయుడు ఆ యేట 50వ మారు మైదానపు ప్రహరీ దాటించిన బంతి, వేలములో సుమారు 44 లక్షల డాలర్లకు పోయెను. దానిని ముందు పట్టినది తానేయని వేఱొకడు న్యాయస్థానమున కెక్కెను!

తోలొకటే, కుట్లొకటే, భేదమంతయు సాక్ష్యమునందున్నది. అందుకే 2001లో నొక యేర్పాటు మొదలయ్యెను: సాక్షి యాటను గనిపెట్టి యుండి, బంతికి అంకెగల ముద్ర నంటించును. కొనువాడు ముందుగా దానిని జూడవలెను. సాక్ష్యము లేని బంతి దస్తావేజు లేని భూమివంటిది.

మా బంతికి వేలములో విలువ లేదు. ఐనను ఎవరు, ఎన్నడు తెచ్చిరో చీటిపై వ్రాసి దానితో నుంచితిని. మీ యింటి పాతవస్తువులకును అట్లే వ్రాసి యుంచుడు. మన తరువాత చెప్పువారెవరు?