బాపు దస్తూరి ఫాంటయ్యాక

సంతకం చూడకుండానే తెలుగువాళ్లు పోల్చుకోగల చేతిరాత బాపుది. 1933లో పుట్టి 2014లో కన్నుమూసిన ఆ చిత్రకారుడు బొమ్మ మీద పెట్టినంత శ్రద్ధ అక్షరం మీదా పెట్టారు. కార్టూన్ కింద మాటైనా, పుస్తకం అట్ట మీద పేరైనా బొమ్మలో భాగంగానే ఉండేది. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంటై డీటీపీ సెంటర్లకు చేరింది. ఇప్పుడు శుభలేఖల మీద, ఫ్లెక్సీల మీద కనిపిస్తోంది.

ఇంతకీ ఆ రాతలోని చిలిపిదనం ఎక్కడుంది? ఇంగ్లిషు కలిపిరాత ఫాంట్లలో అక్షరం తోక పక్క అక్షరానికి తగులుకుంటుంది. ఉదాహరణకు, ఫ్రాన్సుకు చెందిన రోజర్ ఎక్స్‌కఫాన్ తన సొంత దస్తూరి ఆధారంగా చేసిన 'మిస్ట్రాల్' ఫాంట్ 1953లో వచ్చింది. ఆ కలయికే దాని అందం. తెలుగు అక్షరాలు అలా కలవవు, దేనికది విడిగా నిలబడుతుంది. అందుకని మన రాతలో హుషారంతా తలకట్టు విసురులో, గుడి వంపులో, ఒత్తు కిందికి జారే తీరులో చూపించాలి. బాపు రాత ఆ పని చేసింది. గీత ఒకచోట లావెక్కుతుంది, ఇంకోచోట సన్నబడుతుంది. అక్షరాలు బిగుసుకుపోకుండా కదులుతున్నట్టుంటాయి.

చిక్కల్లా యంత్రంతోనే. 'అమ్మమ్మ' అని చేత్తో రాసి చూడండి. రెండో 'మ్మ' మొదటిదానిలా ఉండదు, కాస్త వాలుతుంది, లేదా ఒత్తు కొంచెం పొడుగవుతుంది. ఫాంట్‌లో మాత్రం రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. రాసిన చెయ్యి అక్కడే మాయమవుతుంది. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసిపెడితే, సందర్భాన్నిబట్టి మార్చి వేసే ఏర్పాటు ఓపెన్‌టైప్ ఫాంట్లలో ఉంది. కానీ గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే తెలుగుకు వందల రూపాలు కావాలి. వాటన్నిటికీ మారురూపాలు గీయడం ఎంత ఓపిక పనో ఊహించుకోవచ్చు. ఆ ఓపిక పట్టే ఫాంట్ కళాకారులకు మనం తగినంత గౌరవం ఇవ్వడం లేదని నా అభిప్రాయం.

ఈ తరహా దస్తూరి ఫాంట్ నాలుగైదు మాటలకే బాగుంటుంది. కథ శీర్షిక, పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల పేర్లు, పిల్లల పుస్తకం అట్ట దాని చోట్లు. పేజీ నిండా పరిస్తే కన్ను అలిసిపోతుంది. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

ఇంకో జాగ్రత్త. పాత డీటీపీ ఫాంట్లు చాలావరకు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు పోయి పిచ్చిగీతలు వస్తాయి. ప్రెస్‌కు పంపేటప్పుడు ఫాంట్‌ను ఇమిడ్చిన పీడీఎఫ్ పంపడం మేలు.

మీ ఇంట్లో శుభకార్యం ఉంటే పేర్లు దస్తూరి ఫాంట్‌లో వేయించండి. ముహూర్తం, చిరునామా, ఫోన్ నంబరు మాత్రం మామూలు ఫాంట్‌లోనే ఉంచండి. అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫు తీయించి, ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చూసుకోండి.