రాజధాని లేఖ: గొట్టాలలో పేరుకున్న మడ్డి

యమునా జలాలలో ఎవరి వాటా ఎంత అన్న వివాదం వేసవి వచ్చినప్పుడల్లా ఢిల్లీకి తప్పదు. ఇవ్వవలసిన నీరు ఇవ్వడం లేదని ఢిల్లీ, ఇచ్చిన నీటిని వృథా చేసుకుంటున్నారని హర్యానా పరస్పరం నిందించుకోవడం, న్యాయస్థానాలను ఆశ్రయించడం ఇక్కడ ఆనవాయితీ. శుద్ధి కేంద్రం దాటిన నీరు ఇంటి కుళాయికి చేరేలోగా ఏమవుతున్నదన్న ప్రశ్న మీద మాత్రం అంతటి ఆవేశం నాకు కనిపించలేదు. కాలువ కోసం పోరాడే నాయకులు ఉన్నారు గాని, గొట్టం కోసం పోరాడేవారు లేరు.

2019 నవంబరులో నాటి కేంద్ర మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ 21 నగరాల కుళాయి నీటిపై భారతీయ ప్రమాణాల సంస్థ జరిపిన పరీక్షల ఫలితాలను వెల్లడించారు. ముంబైకి ప్రథమ స్థానం, హైదరాబాదుకు ద్వితీయ స్థానం దక్కాయి. ఢిల్లీ అట్టడుగున నిలిచింది. ఇక్కడ తీసిన 11 నమూనాలూ ప్రమాణాలకు తట్టుకోలేదు. నాటి ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ ఆ నివేదికను తోసిపుచ్చారు. విషయం రెండు ప్రభుత్వాల వాగ్యుద్ధంగా మారి, అసలు ప్రశ్న మరుగున పడింది.

ఆ ప్రశ్న భూగర్భంలో ఉంది. పాత ఇనుప గొట్టాల లోపలి గోడలు తుప్పు పడతాయి. నీటిలోని ఇనుము, మాంగనీసు రేణువులు ప్రవాహం మందగించిన చోట అడుగున పేరుకుంటాయి. వీధి చివర ముగిసిపోయే గొట్టాలలో ఈ మడ్డి మరీ ఎక్కువ. ఎక్కడో గొట్టం పగిలినా, వాల్వు హఠాత్తుగా తిప్పినా, ప్రవాహం దిశ మారినా అది కదిలి, కుళాయిలో ఎర్రగానో గోధుమరంగుగానో ప్రత్యక్షమవుతుంది. పూటకొక గంట నీరు వదిలే నగరాలలో ఈ కదలిక రోజూ జరిగేదే. మొదటి రెండు బిందెల నీటిని పారబోయడం అక్కడి గృహిణులకు అలవాటైపోయింది.

దీనికి నివారణ కొత్తది కాదు. కొన్ని వాల్వులు మూసి, ప్రవాహాన్ని ఒకే దిశకు మళ్లించి, చివరనున్న హైడ్రెంటును తెరవాలి. నీరు సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్ల వేగంతో పరుగెత్తితే అడుగు మడ్డిని ఊడ్చుకుపోతుంది. శుభ్రమైన గొట్టం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క వీధే బయటికి సాగాలి. లేకుంటే ఒక వీధి మడ్డి మరొక వీధికి చేరుతుంది. ఇందుకు ఏ వాల్వు ఎక్కడున్నదో చూపే సరైన పటం కావాలి, తిప్పితే తిరిగే వాల్వులు కావాలి. బిందెడు నీటికి బారులు తీరే నగరంలో నీటిని రోడ్డు మీద పారించడమా అన్న ఆక్షేపణ సహజమే. కాని ఇంటింటా పారబోసే బిందెల లెక్క ఎవరు కడుతున్నారు?

అయితే అన్ని రంగులూ ఒకటి కావు. నల్లగా, దుర్గంధంతో వచ్చే నీరు మురుగు కలిసిందనడానికి సూచన. సరఫరా ఆగినప్పుడు ఖాళీ అయిన గొట్టం పగుళ్ల గుండా పక్కనున్న మురుగును పీల్చుకుంటుంది. దానిని కడిగివేస్తే చాలదు; గొట్టాన్నే మార్చాలి. పోనీ, నిర్మలంగా కనిపించే నీటినైనా నమ్మవచ్చునా అంటే, అదీ లేదు. 1955-56 శీతకాలంలో నజఫ్‌గఢ్ మురుగు వజీరాబాదు వద్ద యమున నుంచి నీరు తోడే చోటికి చేరి, శుద్ధి చేసిన నీటి ద్వారానే ఢిల్లీలో దాదాపు 29,000 మందికి కామెర్లు సోకాయి. అది హెపటైటిస్-ఇ అని శాస్త్రజ్ఞులు గుర్తించింది దశాబ్దాల తరువాత.

2021 జులైలో ఒడిశాలోని పూరీ 24 గంటలూ కుళాయి నుంచి నేరుగా తాగదగిన నీటిని అందించే నగరంగా ప్రకటితమైంది. గొట్టం ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటే బయటి మలినం లోపలికి రాదన్నదే అక్కడి సూత్రం. అంతటి ఏర్పాటుకు సంవత్సరాలు పట్టవచ్చు. ఏ వార్డులో ఏ నెలలో గొట్టాలు కడుగుతారో ముందుగా ప్రకటించడానికి మాత్రం పెద్ద నిధులు అక్కరలేదు. ఢిల్లీ వోటరే కాదు, మన పట్టణాల వోటరు కూడా తన పురపాలక సంఘాన్ని ఆ పట్టిక అడగవచ్చు. నదిలో వాటా అడిగే హక్కు ప్రభుత్వాలది. కుళాయిలో శుభ్రత అడిగే హక్కు పౌరునిది.