పక్షి కాలు, నీటి లోతు

తమిళనాడు పటములో కావేరీ డెల్టా క్రింద, అంతవరకు దక్షిణముగా దిగివచ్చిన తీరము ఒక్కసారిగా పడమటికి తిరిగిన చోటు కనబడును. ఆ మూలయే కోడిక్కరై. ఆంగ్లేయులు దీనిని పాయింట్ కాలిమియర్ అనిరి. తూర్పున బంగాళాఖాతము, దక్షిణమున పాక్ జలసంధి; ఆ జలసంధికి ఆవల అరువది కిలోమీటర్ల లోపుననే శ్రీలంక తీరము. అక్టోబరు మొదలు మార్చి వరకు ఈ చిన్న నేలపై వేలకొలది వలసపక్షులు దిగును. అన్నిటికిని ఒకే చోట తిండి ఎట్లు దొరకును?

అడవి పక్షుల సంగతి తేలిక. ఆ మూలను కప్పియున్న పొడినేలల సతతహరితారణ్యములో పాలచెట్లు మొదలగువాని పండ్లును, రాలుటాకుల క్రింది పురుగులును కలవు. శ్రీలంకకు పోవు నవరంగ్ పిట్ట వంటివి సముద్రము దాటకముందు ఇక్కడ ఆగును.

అసలు విశేషము పడమటనున్న వేదారణ్యం చిత్తడినేల. అది ముత్తుపేట మడ అడవుల వరకు వ్యాపించి, బల్లపరుపుగా, ఇంచుమించు సముద్రమట్టముననే ఉండును. ఈశాన్య ఋతుపవనకాలమున వాననీటితోను, కావేరీ కాలువల నీటితోను నిండును. పిదప నీరు ఆవిరియై, అంచులు బయటపడి, ఉప్పు చిక్కబడును. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండగా, వేసవిలో ఇక్కడి మడుగులలో అంతకు మించును. నీరు తరిగిన కొలది అందులోని పురుగులు, చిన్న రొయ్యజాతి జీవులు కొద్దిచోట గుమిగూడును. పక్షులకు విందు అప్పుడే.

ఒకే పంక్తిలో ఎవరి విస్తరి వారికున్నట్లు, ఆ విందులో ఎవరి లోతు వారిది. చిన్న ఉల్లంకి ముక్కు రెండు సెంటీమీటర్లకు మించదు. కాళ్లును ఇంచుమించు అంతే. తడి బురద పైపొరలోని పురుగులనే అది ఏరుకొనగలదు. కర్లూ పక్షి వంకరముక్కు పది పదిహేను సెంటీమీటర్లుండుటచే బొరియలోని పీతను సయితము పైకి లాగును. మన పులికాటు సరస్సునకును వచ్చు ఫ్లెమింగో లోతు నీటిలో నిలిచి, తలను తలక్రిందులుగా ముంచి, నాలుకను పంపువలె ఆడించి, ముక్కులోని జల్లెడతో ఆహారమును వడగట్టును.

కనుక మడుగులో నీరు అరడుగు పెరిగినచో ఫ్లెమింగోకు నష్టము లేదు. ఉల్లంకికి మాత్రము పొలమంతయు మునిగినట్లే. ఈ లోతును నేడు వాన ఒక్కటే నిర్ణయించుట లేదు. ఉప్పుమళ్లకై కట్టిన గట్లు, సముద్రజలమును తోడు యంత్రములు, పైనుండి వచ్చు మంచినీటి తగ్గుదల కూడ నిర్ణయించుచున్నవి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఇక్కడి పక్షుల కాళ్లకు వలయములు తొడిగి దశాబ్దముల తరబడి పరిశీలించిరి. 1980 ప్రాంతముతో పోల్చినచో చిన్న తీరపక్షులు చాల తగ్గినవని తేలినది. 1967లో అభయారణ్యముగా ప్రకటించుట, 2002లో రామ్సర్ జాబితాలో చేర్చుట మంచివే; కాని అడవికి కాపలా పెట్టినంత సులభముగా మడుగులోని ఉప్పుకు పెట్టలేము.

చిన్న ఉల్లంకి బరువు ఇంచుమించు పాతిక గ్రాములు. వేసవిలో అది ఉత్తర సైబీరియా టండ్రాలకు, ఆరేడు వేల కిలోమీటర్లు, తిరుగుప్రయాణము కట్టవలెను. దారికి కావలసిన కొవ్వును, బయలుదేరుటకు ముందు కొన్ని వారములలో, ఈ బురద నుండియే కూడబెట్టుకొనును.